అప్పు తీరిస్తే ఆట ఆగుతుందా?

బెట్టింగ్‌లో అప్పులపాలైన కొడుకును కాపాడుకోవాలంటే తండ్రి ముందు ఏం చేయాలి? పొలం అమ్మి బాకీలు కట్టాలా, కట్టకుండా ఆగాలా? గుంటూరులో నలభై ఏళ్లు సివిల్ కేసులు వాదించి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న ఒక వకీలు, ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్న ఆయన మేనకోడలు ఈ ప్రశ్న మీద తలపడ్డారు. ఆయన కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆన్‌లైన్ రమ్మీతో మొదలుపెట్టి క్రికెట్ బెట్టింగ్ దాకా వెళ్లాడు. ఇప్పటికి బయటపడ్డ అప్పు ముప్పై లక్షలు. మనుషులు కల్పితం. వాళ్ల వాదన మాత్రం ఇవాళ మన ఊళ్లలో ఎన్నో ఇళ్లలో తలుపులు వేసుకుని సాగుతున్నదే.

మామయ్య: నిర్ణయం అయిపోయిందమ్మా. తెనాలి దగ్గరున్న ఎకరన్నరకు బేరం కుదిరింది. ఎల్లుండి బయానా తీసుకుంటున్నాను. రిజిస్ట్రేషన్ అయిన రోజే వాడి అప్పులన్నీ కట్టిపారేస్తాను. ఇలాంటివాళ్లను నువ్వు రోజూ చూస్తుంటావు గనక వాడికి నాలుగు మంచిమాటలు చెప్పు, చాలు.

మేనకోడలు: ఆ బయానా తీసుకోవద్దని చెప్పడానికే వచ్చాను మామయ్యా.

మామయ్య: తీసుకోక? చేబదుళ్ల మీద నూటికి మూడు రూపాయల వడ్డీ పరుగెడుతోంది. లోన్ యాప్‌లవాళ్లు కోడలి ఫోనుకు చేసి నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నారు. కన్నవాణ్ణి, చేతిలో ఆస్తి పెట్టుకుని చూస్తూ ఊరుకోమంటావా?

మేనకోడలు: ఊరుకోమనడం లేదు. ఇదివరకు రెండుసార్లు ఊరుకోలేదు కదా, ఏమైంది? మొదటిసారి మీ ఎల్ఐసీ డబ్బు పెట్టి తీర్చారు. రెండోసారి అక్క, మీ కోడలు, తన నగలు బ్యాంకులో పెట్టింది. రెండుసార్లూ బావ ఏడ్చాడు, కూతురి తల మీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు. ఆ ఏడుపు అబద్ధమని నేననను. కానీ అప్పు తీరిన మనిషికి మళ్లీ అప్పు పుడుతుంది మామయ్యా. పాత బాకీలు కట్టేస్తే కొన్నాళ్లకు సిబిల్ స్కోరు బాగుపడుతుంది. కొత్త లోను ఇస్తామంటూ యాప్‌లే మెసేజ్‌లు పెడతాయి. చేబదులిచ్చిన స్నేహితుడికి ఇతని వెనక తండ్రి ఉన్నాడన్న ధైర్యం వస్తుంది. గట్టు తెగిన చేనుకు ఎంత నీరు పెట్టినా నిలవనట్టే, మీ పొలం డబ్బు కూడా అటే పోతుంది.

మామయ్య: ఈసారి అలా కాదు. ఇది తాతల నాటి పొలం. అది చేజారిందంటే వాడికి బుద్ధి వస్తుంది. నష్టం పెద్దదైతే భయమూ పెద్దదవుతుంది.

మేనకోడలు: భారతం మీకు కంఠతా వచ్చు. ధర్మరాజు రాజ్యాన్ని, తమ్ముళ్లను, తనను, చివరికి ద్రౌపదిని ఒడ్డి ఓడిపోయాడు. అంతకన్నా పెద్ద నష్టం ఏముంది? ద్రౌపదికి వరాలిచ్చాక ధృతరాష్ట్రుడు ఓడినదంతా తిరిగిచ్చి ఇంద్రప్రస్థానికి పొమ్మన్నాడు. బాకీ లేదు, రాజ్యం చేతికొచ్చింది, నిండుసభలో జరిగిన అవమానం ఇంకా పచ్చిగా ఉంది. దారిలో ఉండగానే మళ్లీ ఆడదాం రమ్మని కబురొచ్చింది. వెనక్కి తిరిగి వెళ్లి కూర్చున్నాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆటలో వచ్చినవే.

మామయ్య: ధర్మరాజు వెళ్లింది పెద్దవాడి ఆజ్ఞ అని, పిలిస్తే కాదనడం క్షత్రియధర్మం కాదని. దాన్ని వ్యసనం కింద జమకడితే నేనొప్పుకోను.

మేనకోడలు: ఒప్పుకోకండి. ఆజ్ఞ అన్న కారణం ఆయనకుంది. బావకూ ప్రతిసారీ ఒక కారణం ఉంది. ఎవరో కొత్త ఐడీ ఇచ్చారు, ఇది ఫైనల్ మ్యాచ్, ఈ ఒక్కటి తగిలితే నాన్న ఎల్ఐసీ డబ్బు నాన్నకిచ్చేస్తాను. నేను చూపించేది ఒక్కటే. పోయినదంతా తెచ్చి చేతిలో పెట్టినా ఆట దానంతటది ఆగదు.

మామయ్య: సరే, అసలు సంగతికి రా. మీ ఆసుపత్రివాళ్లు దీన్ని జబ్బంటారు. నా అభ్యంతరం అక్కడే. జబ్బు అనగానే బాధ్యత జారిపోతుంది. చేసినవాడు రోగి అవుతాడు, కట్టేవాడు తండ్రి అవుతాడు. నేనూ ఆదివారాలు క్లబ్బులో పేకాడాను. సంక్రాంతికి భీమవరం వెళ్లి బరి దగ్గర నిలబడి కోడి మీద పందెం కాశాను. కనుమ అయ్యాక ఇంటికొచ్చి నా పని నేను చూసుకున్నాను. నాకు రాని జబ్బు వాడికెక్కణ్ణుంచి వచ్చింది?

మేనకోడలు: ఆడినవాళ్లలో ఎక్కువమందికి మీలాగే రాదు. వచ్చినవాళ్లకు ఎందుకొస్తుందో చెప్పడానికి ఒక సంగతి వినండి. పార్కిన్సన్స్ రోగులకు ప్రామిపెక్సోల్ లాంటి మందులిస్తారు. మెదడులో డోపమైన్ చేయాల్సిన పనిని అవి చేస్తాయి. ఆ మందులు మొదలుపెట్టాక, అంతకుముందు జూదం జోలికే వెళ్లని పెద్దవాళ్లు కొందరు ఉన్నదంతా ఊడ్చిపెట్టేదాకా ఆడారు. డాక్టర్లు మందు తగ్గించాకో మార్చాకో చాలామందిలో ఆ కోరిక తగ్గిపోయింది. మాత్రతో వచ్చి మాత్రతో పోయినదాన్ని శీలం అనగలమా? అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1980లోనే దీన్ని రుగ్మతల పట్టికలో చేర్చింది. 2013లో వచ్చిన దాని కొత్త కూర్పు డీఎస్ఎం-5లో దీన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాలున్న అధ్యాయంలోకి మార్చింది.

మామయ్య: పుస్తకంలో అధ్యాయం మారితే ఇంట్లో ఏం మారుతుంది?

మేనకోడలు: ఆ పుస్తకంలో తొమ్మిది లక్షణాలు రాశారు. ఏడాదిలో నాలుగు కనిపిస్తే రుగ్మత కింద లెక్క. ఎప్పుడూ దాని గురించే ఆలోచించడం, అదే ఉత్సాహం కోసం పందెం మొత్తం పెంచుకుంటూ పోవడం, మానదామంటే చిరాకు పుట్టడం, పదేపదే ప్రయత్నించి మానలేకపోవడం, మనసు బాగాలేనప్పుడు ఆడటం, పోయినదాన్ని రాబట్టుకోవడానికి మర్నాడు మళ్లీ రావడం, అబద్ధాలాడటం, ఉద్యోగాన్నీ కాపురాన్నీ పణంగా పెట్టడం. ఇక తొమ్మిదోది మీరు జాగ్రత్తగా వినాలి. డబ్బు కటకటలోంచి బయటపడేయమని ఇతరుల మీద ఆధారపడటం.

మామయ్య: అంటే నేను కట్టడం వాడి రోగలక్షణమా?

మేనకోడలు: అడగడం అతని లక్షణం. అడిగినప్పుడల్లా మనం కట్టడం వల్ల ఆ లక్షణం ముదురుతుంది. ఇక బాధ్యత మాట. జబ్బు రావడం అతని తప్పు కాకపోవచ్చు. వైద్యానికి వెళ్లడం అతని పనే. నిజం చెప్పడం అతని పనే. జీతంలోంచి నెలనెలా అప్పు తీర్చడం అతని పనే. ఇందులో ఏ ఒక్కటీ నేను మాఫీ చేయడం లేదు. పొలం అమ్మి మాఫీ చేస్తానంటున్నది మీరు.

మామయ్య: నువ్వు వకాల్తా పుచ్చుకోవాల్సింది. కానీ ఒకటి మర్చిపోతున్నావు. వాడాడింది లాటరీ కాదు, రమ్మీ. రమ్మీలో ప్రధానంగా ఉండేది నైపుణ్యమేనని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య కేసది, సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని మీద వచ్చింది. తెలివితో ఆడేవాడు తెలివితోనే ఆపగలడు.

మేనకోడలు: ఆ తెలివే అతన్ని పట్టేసింది. లాటరీ పోతే అదృష్టం లేదనుకుంటాడు. రమ్మీలో పోతే ఆ ముక్క పారేయకుండా ఉండాల్సింది అనుకుంటాడు. క్రికెట్లో పోతే పిచ్ సరిగా అంచనా వేయలేదనుకుంటాడు. ఓటమికి కారణం తన పొరపాటే అయితే, దిద్దుకుని ఇంకోసారి ఆడాలి కదా. దానికి తోడు త్రుటిలో తప్పిపోయిన గెలుపు. 2009లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఆడేవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి చూశారు. గెలిచినప్పుడు స్పందించే భాగాలే, కొద్దిలో గెలుపు చేజారినప్పుడూ స్పందించాయి. ఆఖరి బంతికి ఫోర్ పోతే గెలిచేవాణ్ణన్న రాత్రి ఇంకో పందేనికి పురికొల్పుతుంది. పైగా క్లబ్బులో మీ ఆట సాయంత్రం ముగిసేది. లేచి ఇంటికి నడవాల్సి వచ్చేది. ఫోనులో ఆటకు తలుపు మూసే వేళ లేదు. రాత్రి రెండు గంటలకూ బంతి బంతికీ పందెం ఉంటుంది, డబ్బు పంపడానికి యూపీఐ ఉంటుంది.

మామయ్య: ఇప్పుడు ఆ తలుపు ప్రభుత్వమే మూసింది. తెలంగాణ 2017లో, మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటి మీదా చట్టం తెచ్చింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలిస్తే రెండేళ్లు, యాభై లక్షలు. ఆ లావాదేవీలు సాగనివ్వొద్దని బ్యాంకులకూ చెప్పింది. ఇంకా ఎక్కడాడతాడు?

మేనకోడలు: మంచి చట్టమే. ఆడినవాణ్ణి దోషిగా చూడకుండా నడిపేవాణ్ణి పట్టుకోవడం నాకు నచ్చింది. కొత్తగా పడేవాళ్లను అది కొంత ఆపుతుంది. కానీ అప్పటికే పడినవాడు దారి వెతుక్కుంటాడు. రాష్ట్రంలో నిషేధం వచ్చినప్పుడు లొకేషన్ మార్చే యాప్‌లు పెట్టుకుని ఆడారు. ఇప్పుడు విదేశాల్లో నడిచే సైట్ల ఐడీలు వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో తిరుగుతున్నాయి. బావ రమ్మీ మానేశాడని మనం సంతోషించిన నెలల్లోనే బుకీ దగ్గర ఖాతా తెరిచాడు. చట్టం అంగడి మూయిస్తుంది. మనిషి లోపలున్న ఆకలికి వైద్యం వేరే జరగాలి.

మామయ్య: వైద్యం అంటే పదిమందికీ తెలుస్తుంది. ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అనలేదు. చిన్నదానికి సంబంధాలు చూస్తున్నాం. అన్న మానసిక ఆసుపత్రిలో చూపించుకుంటున్నాడంటే ఆ పిల్ల గతేమిటి?

మేనకోడలు: మీ భయం నాకు తెలుసు మామయ్యా. దాన్ని తేలిగ్గా తీసుకోను. అయితే ఇన్నాళ్లూ గుట్టుగానే ఉంచాం కదా, ఆ గుట్టు ఎవరికి మేలు చేసింది? మీ దగ్గర తీసుకున్నది అక్కకు తెలియదు. అక్క నగల సంగతి మీకు ఏడాది తర్వాత తెలిసింది. ఆఫీసులో నలుగురి దగ్గర అమ్మకు ఆపరేషనని చెప్పి తీసుకున్నాడు. ఎవరికి వాళ్లు తమకొక్కరికే తెలుసనుకుంటూ, పరువు కాపాడుతున్నామనుకుంటూ డబ్బిచ్చారు. ఈ జబ్బుకు వాసన లేదు, నడకలో తూలడం లేదు. దాని తిండి గుట్టులోనే ఉంది. ఊరంతా చాటమని నేననను. డబ్బు ఇవ్వగలిగిన ప్రతివాళ్లకూ తెలియాలి, అంతే. మీకు, అత్తయ్యకు, అక్కకు, అక్క పుట్టింటివాళ్లకు, అప్పిచ్చే ఇద్దరు ముగ్గురు స్నేహితులకు.

మామయ్య: ఆసుపత్రి సంగతి?

మేనకోడలు: చట్టం మీకు నేను చెప్పాలా? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగి వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. మొదట ఆసుపత్రి గడప తొక్కడం కష్టమనిపిస్తే టెలీమానస్ ఉంది. 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తోంది. బావ ఉండేది హైదరాబాదు గనక ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ దగ్గరే. ఫోనులో గేమ్‌లకు, బెట్టింగ్‌కు అలవాటైనవాళ్ల కోసం బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ కూడా ఉంది.

మామయ్య: అక్కడ ఏం చేస్తారు? మాత్ర ఇస్తే మానేస్తాడా?

మేనకోడలు: దీనికంటూ ఆమోదం పొందిన మాత్ర ఏదీ లేదు. మద్యం మాన్పించడానికి వాడే నాల్ట్రెక్సోన్‌ను కొందరికి డాక్టర్లు ఇస్తారు. దిగులు జబ్బో తాగుడో తోడుగా ఉంటే దానికీ మందులుంటాయి. అసలు పని కూర్చోబెట్టి మాట్లాడే చికిత్సలో జరుగుతుంది. ఏ రోజు, ఏ వేళ, ఏ మాట తర్వాత చెయ్యి ఫోను మీదికి పోతోందో అతని చేతే రాయిస్తాం. బావకైతే జీతం పడే రోజు, ఐపీఎల్ సాయంత్రాలు, అక్క పుట్టింటికి వెళ్లిన రాత్రులు. కోరిక రేగినప్పుడు అది పెరిగి, కాసేపుండి, తగ్గుతుందని అనుభవం మీద తెలిసేలా చేస్తాం. ఆ కాసేపూ ఎవరికి ఫోన్ చేయాలో, ఎక్కడికి నడవాలో ముందే అనుకుంటాం. వరసగా ఐదుసార్లు పోయింది గనక ఆరోసారి తగిలి తీరుతుందన్న నమ్మకాన్ని లెక్కవేసి చూపిస్తాం.

మామయ్య: ఒట్టు పెట్టుకోవడం కన్నా ఇది గొప్పదంటావా? తిరుమల తీసుకెళ్లి వెంకన్న ఎదుట ప్రమాణం చేయిద్దామనుకున్నాను.

మేనకోడలు: తీసుకెళ్లండి. దండం పెట్టుకోమనండి, బలం వస్తుంది. ప్రమాణం మాత్రం చేయించకండి. కూతురి తల మీద వేసిన ఒట్టు తప్పిన రోజు ఏం జరిగిందో అతను నాకు చెప్పాడు. ఆడానని ఇంట్లో చెబితే పిల్లకేమైనా అవుతుందని అత్తయ్య వణికిపోతుంది. అందుకే చెప్పలేదు. చెప్పలేదు గనక, పోయింది ఎలాగోలా గెలిచి పూడ్చాలని ఇంకా ఆడాడు. పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలన్న మాట జూదరి చెవిన పడకూడదు మామయ్యా. మళ్లీ తప్పినా ఆ రాత్రే చెప్పగలిగే ఇల్లు కావాలి అతనికి.

మామయ్య: నీకు నేనూ ఒక పాత కథ చెబుతాను. శూద్రకుడి మృచ్ఛకటికం. రెండో అంకంలో సంవాహకుడని ఒక జూదరి పది బంగారు నాణేలు బాకీపడి, జూదశాలవాళ్లు తరుముతుంటే పారిపోయి వసంతసేన ఇంట్లో దూరతాడు. ఆవిడ తన కంకణం పంపి బాకీ తీర్పిస్తుంది. ఆ తర్వాత అతను మళ్లీ పాచిక ముట్టలేదు. తీర్చడం వల్ల మనిషి బాగుపడిన కథ ఇది. ఏమంటావు?

మేనకోడలు: కథ పూర్తిగా చెప్పండి. కంకణం ఇచ్చాక అతను ఎక్కడికి వెళ్లాడు?

మామయ్య: బౌద్ధ భిక్షువు అయ్యాడు.

మేనకోడలు: జూదశాల ఉన్న వీధిలోకి, పాత స్నేహితుల మధ్యకు తిరిగి వెళ్లలేదు. సంఘంలో చేరాడు. రోజూ ఒక క్రమం, చేతిలో భిక్షాపాత్ర, చుట్టూ అదే దారిలో నడిచే మనుషులు. కంకణం ఆ పూటకు దెబ్బలు తప్పించింది. ఆ పైన అతన్ని నిలబెట్టింది సంఘం. అలా నిలబడ్డాడు గనకే ప్రతినాయకుడు శకారుడు గొంతు నులిమి పడేసిన వసంతసేనను తర్వాత బతికించగలిగాడు. మనం రెండుసార్లు కంకణం ఇచ్చాం. సంఘంలో చేర్చే పని ఒక్కసారీ చేయలేదు.

మామయ్య: ఇప్పుడు వాణ్ణి సన్యాసుల్లో కలపమంటావా?

మేనకోడలు: అక్కర్లేదు. 1957లో లాస్ ఏంజెలెస్‌లో జూదం మానాలనుకున్నవాళ్లు కొందరు కలిసి గ్యాంబ్లర్స్ అనానిమస్ మొదలుపెట్టారు. మద్యం మానేవాళ్ల ఏఏ సమావేశాల పద్ధతే. ఇంటిపేరు చెప్పక్కర్లేదు, రుసుము లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. సమావేశాలు ఆన్‌లైన్‌లోనూ జరుగుతాయి. ఇంటివాళ్ల కోసం గ్యామ్-అనాన్ అని వేరుగా ఉంది. అది అక్కకు కావాలి. భర్త అబద్ధాలతో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి తన మీద తనకే నమ్మకం పోయిన స్థితిలో ఉంది.

మామయ్య: ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు వీడు నోరు విప్పుతాడా? మన దగ్గర అలాంటి అలవాటు లేదు.

మేనకోడలు: మన ముందు విప్పలేకపోతున్నాడు కాబట్టే వాళ్లు కావాలి. మనం వింటుంటే మన మొహంలో పొలం కనిపిస్తుంది, నగలు కనిపిస్తాయి. వాళ్ల మొహంలో అవేవీ ఉండవు. ఫోను తలకింద పెట్టుకుని పడుకున్న రాత్రులు వాళ్లకు తెలుసు. ఈ ఒక్కసారికే అని అతనంటే ఆ మాట తామెన్నిసార్లన్నారో చెబుతారు. వాళ్ల దగ్గర అబద్ధం చెల్లదు. తిట్టూ ఉండదు. ఏడాదిగా ఆడకుండా ఉన్నవాణ్ణి ఎదురుగా చూస్తే మానడం సాధ్యమేనన్న నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకం నా డిగ్రీ ఇవ్వలేదు, మీ ప్రేమా ఇవ్వలేదు.

మామయ్య: అమ్మాయ్, ఒక మాట దాచకుండా చెబుతాను. పొలం అమ్ముతానన్నది పరువు కోసం కాదు. పేపర్లో రోజూ చదువుతున్నాను. బెట్టింగ్ అప్పులకు ఫలానా ఊళ్లో ఫలానా కుర్రాడు... వాడేమన్నా చేసుకుంటే ఆ పొలం నేనేం చేసుకోను?

మేనకోడలు: ఆ భయంతోనే నేనూ బస్సెక్కి వచ్చాను మామయ్యా. ఆ మాట ఇవాళే బావను సూటిగా అడగాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకుంటారు, అలా పుట్టదు. మోస్తున్న బరువు దించుకోవడానికి అతనికి ఒక దారి దొరుకుతుంది. ఉందంటే ఒక్కణ్ణీ వదలొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అర్ధరాత్రయితే 14416. కానీ ఇదీ ఆలోచించండి. ముప్పై లక్షలు మీరు కట్టేశాక, అతను చెప్పని ఇంకో ఎనిమిది లక్షలు ఉంటే? తండ్రి పొలం అమ్మించి కూడా దాచానన్న సిగ్గుతో ఆ రాత్రి ఎవరికి చెప్పుకుంటాడు? ప్రాణం కాపాడటానికే అడుగుతున్నాను, డబ్బు కన్నా ముందు నిజం మొత్తం బయటికి రానివ్వండి.

మామయ్య: ... సరే. బయానా వాయిదా వేస్తాను. అప్పులవాళ్లకు ఏం చెప్పను?

మేనకోడలు: ఇక్కడ నాకన్నా మీరే ఎక్కువ చేయగలరు. గ్యాంబ్లర్స్ అనానిమస్‌లో కొత్తగా వచ్చినవాడు మానడంలో నిలదొక్కుకున్నాక పాతవాళ్లు భార్యాభర్తలిద్దరితో కూర్చుని ప్రతి అప్పూ రాయిస్తారు. ఎవరికెంత, వడ్డీ ఎంత, ఇంటి ఖర్చు పోగా నెలకెంత కట్టగలడు అని. ఎగవేత ఉండదు. చిన్న మొత్తాలైనా ఏళ్లపాటు అతనే కడతాడు. ఆ పని వకీలుగా మీరు చేయండి.

మామయ్య: అలాగైతే చెబుతా విను. బుకీ బాకీ అని ఏదుందో అది అప్పే కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన సొమ్ము కోసం దావా వేయడానికి వీల్లేదు. బెదిరిస్తే పోలీసుల దగ్గరికి నేనే వెళతాను. ఆర్‌బీఐ 2022 ఆదేశాల ప్రకారం రికవరీ ఏజెంట్లు పొద్దున ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు. ఇంట్లోవాళ్లను, స్నేహితులను అవమానించకూడదు. కోడలి ఫోనుకొచ్చిన ప్రతి కాలూ, మెసేజూ దాచమంటాను. లైసెన్సు లేని యాప్ అయితే 1930కి సైబర్ ఫిర్యాదు. బ్యాంకు పర్సనల్ లోనుకు గడువు పెంచమని రాతపూర్వకంగా అడుగుతాం. స్నేహితుల చేబదుళ్లు మాత్రం మర్యాదగా తీర్చాల్సినవే. అమ్మకు ఆపరేషనని నమ్మి ఇచ్చారు పాపం.

మేనకోడలు: వాళ్లకు ఫోన్ చేసి నిజం చెప్పాల్సింది బావే. పక్కన మీరు కూర్చోండి. ఇక ముందు కట్టాల్సిన గట్లు. జీతం అక్క ఒక్కదాని పేరున్న ఖాతాలోకి వెళ్లాలి, రోజు ఖర్చు మాత్రం అతని చేతికి. యూపీఐ తీసేయాలి, కార్డుల్లో ఆన్‌లైన్ వాడకం ఆపేయాలి. ఫోనులో, ల్యాప్‌టాప్‌లో బెట్‌బ్లాకర్ లాంటి అడ్డుగోడ పెట్టాలి. అక్క ఏ కాగితం మీదా హామీ సంతకం పెట్టకూడదు, తన ఓటీపీలు ఎవరికీ చెప్పకూడదు.

మామయ్య: ముప్పై అయిదేళ్లవాణ్ణి జేబు ఖర్చుకు పెళ్లాం దగ్గర చెయ్యి చాపమంటావా? ఇది నాకు మింగుడు పడదు.

మేనకోడలు: నేరుగా బావనే అడగండి. డబ్బు చేతిలో లేని రోజు నిద్రపట్టిందని నాకు చెప్పాడు. ఎల్లకాలం కాదు, నిలదొక్కుకునేదాకా. అతనే ఒప్పుకుని అప్పగిస్తే శిక్ష అవదు, చికిత్సలో భాగమవుతుంది.

మామయ్య: ఇంత చేశాకా మళ్లీ ఆడితే?

మేనకోడలు: ఆడొచ్చు. చాలామంది మానే దారిలో ఒకటి రెండుసార్లు జారతారు. ఆ రోజు కోసం ఇప్పుడే మాట అనుకోవాలి. దాచకుండా వెంటనే చెబుతాడు, మనం కేకలు వేయం, డబ్బు కట్టం, మర్నాడే సమావేశానికీ డాక్టరు దగ్గరికీ వెళతాడు. అప్పటిదాకా ఆడకుండా గడిపిన నెలలు అబద్ధమైపోవు. మీరు ఆ రోజు కూడా తండ్రిగానే ఉండాలి. బాకీదారుగా మారకూడదు.

మామయ్య: నీతో పూర్తిగా ఏకీభవించానని చెప్పను. తప్పు చేశాననే స్పృహ మనిషికి ఉండాలని ఇప్పటికీ అంటాను. జబ్బన్న మాట చాటున వాడు దాక్కుంటే ఒప్పుకోను. చిన్నదాని పెళ్లి సంబంధం వాళ్లకు ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది ఇంకా తేలలేదు. అది మీ అత్తయ్య, చిన్నది, నేను కూర్చుని మాట్లాడుకోవాలి.

మేనకోడలు: ఆ పిల్లను కూర్చోబెట్టుకుని మాట్లాడతానన్నారు, అది చాలు. ఆ స్పృహ మాట కూడా వదలకండి. ప్రతి నెలా ఒకటో తేదీన తన చేత్తో తాను కట్టే వాయిదా దాన్ని నిలబెడుతుంది.

మామయ్య: అయితే పొలం మీద నా నిర్ణయం ఇది. ఈ ఏడాది అమ్మను. వాడి బాకీకి అందులోంచి పైసా ఇవ్వను. కోడలి నగలు విడిపించడానికి కౌలు డబ్బు నేరుగా బ్యాంకుకు నేను కడతాను, ఎందుకంటే అది ఆ పిల్ల సొత్తు. వాడికి ఇప్పుడే ఫోన్ చేస్తాను. ఒట్టు వేయమనను. అప్పులన్నీ, నాకు ఇంకా చెప్పనివి కూడా, కాగితం మీద రాసుకుని శనివారం రమ్మంటాను. ఎంతున్నా ఇంట్లోంచి పొమ్మననని ముందే చెబుతాను. సోమవారం ఎర్రగడ్డకు వాడితో నేనూ వెళతాను.